మాఘం రాళ్ల వానకు కార్తీకంలో కాపలా

హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో చలికాలం చివరి దశకు చేరే మాఘ, ఫాల్గుణ మాసాల్లో, ఏటా కాకపోయినా కొన్నేళ్లకోసారి, ఉరుములు, ఈదురుగాలులతో పాటు మంచుగడ్డలను కురిపించే గాలివాన వస్తుంటుంది. కోస్తా జిల్లాల్లో వడగండ్ల వానగా పిలిచే దీన్ని తెలంగాణ పల్లెల్లో రాళ్ల వాన అంటారు. మంచు కురవని ఉష్ణ ప్రాంతంలో శీతకాలపు తుఫానుకు ఉన్న అసలు రూపం ఇదే. జనవరి, ఫిబ్రవరి నెలలు రెండింటినీ కలిపినా హైదరాబాద్‌లో సగటు వర్షపాతం రెండు సెంటీమీటర్లకు చేరదు కాబట్టి, ఆ రోజుల్లో వాన పడుతుందన్న లెక్కతో ఇల్లు కప్పుకునేవారు గాని, పంట వేసుకునేవారు గాని, ఇటుక ఆరబెట్టేవారు గాని కనిపించరు. సగటును నమ్ముకుని సాగే ఈ జీవనం సగటు తప్పిన ఒక్క సాయంత్రం ఎలా చితికిపోతుందో, ఆ దెబ్బను తగ్గించాలంటే జిల్లా యంత్రాంగం, తోటల రైతులు, బట్టీల యజమానులు ఏ నెలలో ఏ పని ముగించి ఉండాలో పరిశీలించవలసిన అవసరం ఉంది.

అరుదుగా వచ్చే ఆపద తరచూ వచ్చే ఆపద కన్నా చిన్నదని అనుకోవడం ప్రణాళికల్లో సాధారణంగా జరిగే పొరపాటు. తెలుగు రైతుకు తరతరాలుగా అందిన వాన సామెతలు ఎక్కువగా మృగశిర నుంచి స్వాతి వరకు ఉన్న కార్తెల చుట్టూ అల్లుకున్నవే. ఫిబ్రవరిలో వచ్చే ధనిష్ఠ, శతభిష కార్తెల్లో వాన గురించి చెప్పుకోవలసిన పని ఆ జ్ఞానానికి పెద్దగా పడలేదు. శివరాత్రితో చలి పోతుందన్నది అందరికీ తెలిసిన మాటే గాని, పోతూ పోతూ అది ఏమి చేసిపోగలదో ఆ మాటలో లేదు. 2022 జనవరి రెండో వారంలో, సంక్రాంతి ముంగిట, ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పరకాల, నర్సంపేట ప్రాంతాల్లో కురిసిన రాళ్ల వాన చేతికొచ్చే దశలో ఉన్న మిర్చి తోటలను నేలపాలు చేసింది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో వడగండ్లు నేలను తెల్లగా కప్పేసినప్పుడు ఆ దృశ్యాలు కశ్మీర్‌ను తలపిస్తున్నాయంటూ ఫోన్లలో చేతులు మారాయి. ఆ తెల్లదనం కింద నలిగిపోయింది యాసంగి పంట అన్న సంగతి చూసి మురిసినవారిలో ఎందరికి తట్టిందో చెప్పలేం.

ఈ రాళ్లు ఎలా పుడతాయో, అవి నడివేసవిలో కన్నా చలికాలం వెళ్లే రోజుల్లో ఎందుకు ప్రమాదకరమో తెలిస్తేనే సన్నద్ధతకు ఉన్న వ్యవధి ఎంతో అర్థమవుతుంది. నేల నుంచి పైకి వెళ్లే కొద్దీ గాలి చల్లబడుతుంది. ఏ ఎత్తులో దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగుతుందో ఆ ఎత్తును ఘనీభవన మట్టం అంటారు. క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం ఈ మట్టాన్ని దాటి చాలా పైకి, ఒక్కోసారి పది, పన్నెండు కిలోమీటర్ల వరకూ నిటారుగా లేస్తుంది. ఆ మేఘంలో కింది నుంచి పైకి ఎగదన్నే గాలి నీటి బిందువులను ఘనీభవన మట్టం పైకి మోసుకుపోతుంది. అక్కడ వాటిలో చాలావరకు సున్నాకు దిగువన కూడా గడ్డకట్టకుండా ద్రవంగానే మిగులుతాయి. వీటినే అతిశీతల జలబిందువులంటారు. ఏ చిన్న మంచు పలుకు ఎదురైనా అవి దానికి అంటుకుని క్షణాల్లో గడ్డకడతాయి, ఆ పలుకు పొర మీద పొరగా పెరుగుతుంది, ఎగదన్నే గాలి ఇక మోయలేనంత బరువెక్కిన వెంటనే అది కిందికి రాలుతుంది. దిగే దారిలో వెచ్చటి గాలి ఎక్కువ దూరం ఉంటే రాయి కరిగి చినుకై నేలను తాకుతుంది. మే నెలలో ఘనీభవన మట్టం ఎత్తుగా ఉండడం వల్ల రాళ్లలో చాలావరకు దారిలోనే కరిగిపోతాయి గాని, చలికాలం చివర ఆ మట్టం ఇంకా కిందే ఉంటుంది. దానికి తోడు ఈ ప్రాంతం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి కావడంతో రాయి కరగడానికి మిగిలే దూరం మరింత తగ్గుతుంది. విదర్భ, మరాఠ్వాడాల నుంచి తమిళనాడు వైపు ద్రోణి ఏర్పడి, బంగాళాఖాతం మీది నుంచి తేమగాలి కింది పొరల్లోకి, వాయవ్యం నుంచి చల్లటి పొడిగాలి పై పొరల్లోకి చేరిన రోజున, మధ్యాహ్నపు ఎండ నేలను వేడెక్కించగానే ఈ మేఘం లేవడానికి కావలసినవన్నీ ఒక్కచోట కూడుతాయి. రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం దాటిన రాయి గంటకు 40 కిలోమీటర్లకు మించిన వేగంతో నేలను తాకుతుంది. పండిన ద్రాక్ష గుత్తికి అందులో సగం వేగం చాలు.

బంగాళాఖాతపు తుఫానుకు రోజుల ముందే పేరు పెట్టి, దారి గీసి, తీరం దాటే చోటు చెప్పగలుగుతున్న వాతావరణ శాస్త్రం రాళ్ల వాన విషయంలో అంత ముందుగా చెప్పలేకపోవడానికి కారణం దాని పరిమాణం. ఒక్కో వడగండ్ల మేఘం కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న సన్నటి చారలో కదులుతుంది, అరగంటో, గంటో బతుకుతుంది, ఒక ఊరిని తుడిచిపెట్టి పక్క ఊరిలో చినుకు కూడా రాల్చకుండా పోగలదు. వాతావరణ శాఖ రెండు, మూడు రోజుల ముందు చెప్పగలిగేది ఫలానా జిల్లాల్లో ఉరుములు, వడగండ్లకు అవకాశం ఉందన్నంత వరకే. ఏ ఊరి మీద అన్నది బేగంపేటలోని డాప్లర్ రాడార్ తెర మీద మేఘం కనిపించాకే, అంటే మూడు గంటల లోపు వ్యవధికి ఇచ్చే తక్షణ సూచన ద్వారానే తెలుస్తుంది. మేఘంలోని నీటి, మంచు కణాలను తాకి వెనక్కి వచ్చే రేడియో తరంగాల బలాన్ని బట్టి రాయి ఉందో లేదో, ఎటు కదులుతోందో ఈ రాడార్ పసిగడుతుంది. సంగారెడ్డి మీద లేచిన మేఘం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదిలితే మేడ్చల్‌ను చేరడానికి దానికి పట్టేది గంటకు కాస్త అటూ ఇటూ. ఆ కబురు రాడార్ కేంద్రం నుంచి కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి తోటకు చేరడంలోనే అందులో సగం కరిగిపోవచ్చు. మిగిలిన అరగంటలో వల కొనడం సాధ్యం కాదు, పైకప్పు బిగించడం సాధ్యం కాదు, బీమా చేయించడం అసలే సాధ్యం కాదు. అప్పటికే ఉన్న వలను లాగి కట్టడం, ఉన్న గట్టి గదిలోకి పిల్లల్ని చేర్చడం మాత్రమే సాధ్యం. కాబట్టి మాఘంలో పడే రాయికి కాపలా కార్తీకంలో మొదలుకావాలి. సూచన వచ్చాక కదిలే విపత్తు నిర్వహణ వరదకు, తుఫానుకు సరిపోతుందేమో గాని దీనికి సరిపోదు. ఈ ఆపదకు సన్నద్ధతను ముందస్తు సూచనతో కాక పంచాంగంతో ముడిపెట్టాలి.

ఈ మాట నిజమెంతో ద్రాక్ష తోట చెబుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడికి పరిచయం చేసిన అనాబ్-ఎ-షాహీ రకం ఈ నేలకు పేరు తెచ్చింది, తరవాతి కాలంలో థామ్సన్ సీడ్‌లెస్ దాని పక్కన చేరింది. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, అటు శామీర్‌పేట, కీసరల వైపు రహదారుల పక్కన తోటలోనే గుత్తులు కోసి అమ్మిన రోజులు నగరవాసుల జ్ఞాపకాల్లో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చల్లటి దేశాల్లో ద్రాక్ష తీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో మేల్కొంటుంది. దక్కనులో దానికి ఆ నిద్ర లేదు కనుక రైతే కత్తెరతో దాని ఏడాదిని నిర్ణయిస్తాడు: ఎండాకాలంలో కొత్త కొమ్మల కోసం ఒక కత్తిరింపు, వానలు వెనకబట్టాక అక్టోబర్ ప్రాంతంలో కాయ కోసం మరో కత్తిరింపు. రెండో కత్తిరింపు జరిగిన నాలుగు నెలలకు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, గుత్తులు తీపెక్కి కోతకు వస్తాయి. వానలకు దొరక్కుండా పొడి రోజుల్లో పండు తీయాలన్న తెలివితో ఏర్పడిన ఈ పద్ధతి, పండు సరిగ్గా పక్వానికి వచ్చే వారాలను రాళ్ల వాన వచ్చే వారాలకు ఎదురుగా నిలబెట్టింది. అంతవరకు పెట్టిన పెట్టుబడి, చేసిన శ్రమ అంతా పందిరి మీద వేలాడుతున్న సమయంలోనే దెబ్బ పడుతుంది.

ఆ దెబ్బ ఒక్క పంటతో ఆగదు. రాయి తగిలిన కాయ చిట్లి రసం కారుతుంది, ఆ రసానికి బూజు పడుతుంది, చిట్లని కాయలకూ ఆ కుళ్లు అంటుకుంటుంది. రాయి లేకుండా ఉత్త వాన పడినా పండిన కాయ తొక్క నీటిని పీల్చి పగులుతుంది. ముదురు కొమ్మల బెరడు మీద పడిన గాయాలు తెగుళ్లకు తలుపులు తెరిచి మరుసటి ఏడాది తీగ బలాన్ని తగ్గిస్తాయి. రాళ్లు పడిన తోటలో చిట్లిన గుత్తులను వెంటనే కోసి దూరంగా పూడ్చడం, కాయ తీసేసిన తీగకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పిచికారీ చేయడం రైతుకు తెలిసిన పనులే. అయితే ఒకే రోజున వందల ఎకరాల్లో ఆ అవసరం పడినప్పుడు కూలీ దొరకదు, మందు దొరకదు. మండల కేంద్రంలో ముందే నిల్వ ఉంచిన మైలుతుత్తానికి, నాలుగు పొరుగు తోటల రైతులు ముందే కుదుర్చుకున్న బదులు కూలీ ఒప్పందానికి ఉన్న విలువ ఆ రోజునే తెలుస్తుంది.

నివారణకు ఉన్న మార్గాల్లో నమ్మదగినది వల. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల్లో ఏళ్లుగా వాడుకలో ఉన్న వడగండ్ల నిరోధక వల, రాయి వేగాన్ని విరిచి దాన్ని చెట్ల వరుసల మధ్యకు జార్చేలా వాలుగా కట్టే సన్నటి అల్లిక. హైదరాబాద్ ప్రాంతపు ద్రాక్షకు రాతి కూసాలు, ఇనుప తీగలతో కట్టిన పందిరి ఎలాగూ ఉంటుంది కనుక, కొత్తగా స్తంభాలు పాతుకునే ఇతర తోటల కన్నా ఇక్కడ వల కట్టడం తేలిక; కూసాలకు పొడిగింపులు బిగిస్తే సరిపోతుంది. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద ఇలాంటి వలలకు ఖర్చులో సగం మేర రాయితీ ఇచ్చే ఏర్పాటు ఉంది. కాని రాయితీ దరఖాస్తు పరిశీలన, మంజూరు, కొనుగోలు, బిగింపు అన్నీ పూర్తికావడానికి నెలలు పడతాయి. జూన్‌లో దరఖాస్తు తీసుకుని అక్టోబర్ కత్తిరింపు నాటికి వల బిగించేలా ఉద్యాన శాఖ తన క్యాలెండర్‌ను మార్చుకుంటేనే ఆ రాయితీ రైతుకు అక్కరకొస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగుస్తుందన్న హడావిడిలో మార్చిలో విడుదలయ్యే డబ్బుతో కొన్న వల ఆ ఏటి రాయిని ఆపదు. వల కొనే స్తోమత లేని చోట, తోటను రెండు మూడు భాగాలు చేసి కత్తిరింపును వారం, పది రోజుల తేడాతో జరిపితే పండు అంతా ఒకే వారంలో పక్వానికి రాదు, ఒకే సాయంత్రం పోదు. వలకు బదులు మేఘాల మీదికి శబ్ద తరంగాలు పేల్చే వడగండ్ల ఫిరంగుల మీద అక్కడక్కడా ఆశలు పెట్టుకున్నారు గాని, ఆ యంత్రాలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టంగానే చెప్పింది. ప్రజాధనం అటు వెళ్లకూడదు.

అరుదైన చలి తుఫానును వెచ్చటి ప్రాంతం ఎలా నిర్లక్ష్యం చేస్తుందో చూడడానికి తెలుగువారికి అమెరికాలో దగ్గరి ఉదాహరణ ఉంది. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ డల్లాస్ పరిసరాల్లో, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్లలో, 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫాను ఉష్ణోగ్రతను సున్నాకు 19 డిగ్రీల దిగువకు దించింది. టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్లకు, సంస్థలకు కరెంటు పోయింది, గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలి ఇళ్లు మునిగాయి, అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఆ రాష్ట్రపు విద్యుత్ వ్యవస్థ మొత్తంగా కుప్పకూలడానికి అయిదు నిమిషాల లోపు దూరం వరకూ వెళ్లి ఆగింది. గమనించవలసింది ఏమిటంటే, 2011 ఫిబ్రవరిలో ఇలాంటిదే చిన్న చలి తుఫాను వచ్చాక, విద్యుత్ కేంద్రాలను, గ్యాస్ బావులను చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని కేంద్ర నియంత్రణ సంస్థలు నివేదిక ఇచ్చాయి. ఆ సిఫారసు తప్పనిసరి నిబంధన కాకపోవడంతో పదేళ్లు గడిచిపోయాయి, రెండో దెబ్బ తగిలాకే 2021లో చట్టం వచ్చింది. సంపన్న రాష్ట్రంలో లోపించింది డబ్బు కాదు, పదేళ్లకోసారి వచ్చేదాని కోసం ఈ ఏడు ఖర్చు పెట్టాలన్న నియమం.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఆ నియమం లేని లోటు అందరికన్నా ఎక్కువగా తగిలేది తోటల రైతులకు కూడా కాదు, ఇటుక బట్టీల కూలీలకు. బొమ్మరాసిపేట వంటి గ్రామాల పరిసరాల్లోని బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడ వంటి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వానకాలం ముగియగానే వలస వస్తాయి, మళ్లీ తొలకరి దాకా ఇక్కడే ఉంటాయి. వారి నివాసం తరచుగా సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకల గోడల మీద రేకులో, ప్లాస్టిక్ పరదాలో కప్పిన, వంగి దూరవలసిన గుడిసె. ఎండాకాలపు వేడిని, చలికాలపు ఇగాన్ని, అంటే ఎముకలు కొరికే రాత్రి చలిని, ఆ కప్పు ఒకేలా లోపలికి రానిస్తుంది. గాలివానకు అది మొదటి నిమిషంలోనే లేచిపోతుంది. పిడికెడంత రాయి పడితే పిల్లల తలలకు అడ్డుపెట్టడానికి అక్కడ పళ్లెం తప్ప మరొకటి ఉండకపోవచ్చు. పేర్చిన ఇటుక గోడ ఈదురుగాలికి ఎటు కూలుతుందో ఎవరూ చెప్పలేరు. 2024 మే 7న, చలికాలపు వాన కాదు గాని ఇదే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలో, గాలివానకు నిర్మాణంలో ఉన్న ప్రహరీ కూలి దాని పక్క షెడ్లలో ఉంటున్న వలస కుటుంబాలకు చెందిన ఏడుగురు ప్రాణాలు కోల్పోవడం, తాత్కాలిక నివాసాన్ని తాత్కాలిక విషయంగా చూడడం ఎంత ఖరీదైనదో చెప్పింది.

ప్రాణభయం దాటాక మిగిలేది కూలి నష్టం. బట్టీలో కూలి రోజు లెక్కన కాక, వేయి ఇటుకలకు ఇంత అన్న లెక్కన నడుస్తుంది, అదీ ఊళ్లోనే తీసుకున్న అడ్వాన్సులో కోత పడుతూ. అచ్చు పోసి ఎండకు ఆరబెట్టిన పచ్చి ఇటుక బట్టీలో కాలే వరకు మట్టి ముద్దే. అరగంట రాళ్ల వాన వారాల కష్టాన్ని బురదగా మార్చేస్తుంది. ఆ బురద నష్టం యజమానిదా, కూలీదా అన్నది మాటల ఒప్పందాల్లో తేలకుండా ఉండిపోయినప్పుడు అది బలహీనుడి ఖాతాలోకే జారుతుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం నివాసం, వైద్యం, ప్రయాణ భత్యం వంటి బాధ్యతలను కాంట్రాక్టరు మీద పెట్టింది గాని, ఆకాశం నుంచి పడిన నష్టాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్నకు బట్టీల దగ్గర అమలయ్యే జవాబు ఇంకా లేదు. ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో టీకాలను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిలపడానికి జనరేటర్ మీద జనరేటర్ సిద్ధంగా ఉంటుంది. ఉష్ణోగ్రతను డిగ్రీ తేడా రాకుండా కాపాడడం తెలిసిన మండలానికి, ఆరు నెలల వలస కుటుంబం తల మీద బిగించిన కప్పు ఒకటి ఏర్పాటు చేయడం చేతకాని పని కాదు.

చలి విషయానికి వస్తే, వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో శీతల గాలులను గుర్తించే కొలత కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా దిగడం, అది మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువగా ఉండడం. హైదరాబాద్‌లో నమోదైన అత్యల్పం 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు కాబట్టి ఆ గీతను దాటే రాత్రులు ఇక్కడ తక్కువే. నగరం అంచున చెరువులు, పొలాలు ఉన్న చోట రాత్రి చలి నగరం మధ్య కన్నా ఎక్కువ ఉంటుంది, తడిసిన గుడిసెలో 13 డిగ్రీలు కూడా పసిపిల్లలకు, ముసలివారికి ప్రమాదమే. కోళ్ల ఫారాల్లో పిల్లల దశలో ఉన్న కోళ్లకు పరదాలు దించి, బ్రూడర్ బల్బుల వేడి పెట్టే యజమానికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2021లో శీతల గాలులు, తుషారం మీద కార్యాచరణ మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణ వడగాడ్పుల ప్రణాళికను ఏటా వెలువరిస్తున్నట్టే చలికీ, రాళ్ల వానకూ కలిపి జిల్లా స్థాయి ప్రణాళిక రావాలి.

దెబ్బ తగిలాక అందే సాయం దగ్గర కూడా రాళ్ల వాన స్వభావం అర్థం కాకపోవడమే పెద్ద చిక్కు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు నడుపుతోంది. మండలానికి ఒకటి రెండు చొప్పున ఉన్న ఈ కేంద్రాలు వాన మిల్లీమీటర్లను, గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను కొలవగలవు గాని రాయి పడిందో లేదో చెప్పలేవు. రాయి చార కేంద్రానికి రెండు కిలోమీటర్ల పక్కనుంచి పోతే ఆ మండలంలో ఏమీ జరగనట్టే లెక్క. అందుకే 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం వడగండ్లను స్థానిక విపత్తుగా గుర్తించి, ఊరి సగటుతో పని లేకుండా ఒక్కో రైతు పొలాన్ని విడిగా చూడాలని, రైతు 72 గంటల లోపు నష్టాన్ని తెలియజేయాలని నియమం పెట్టింది. 2020లో తెలంగాణ ఆ పథకం నుంచి వైదొలిగింది. ప్రీమియం భారం, పరిహారంలో జాప్యం మీద రాష్ట్రానికి ఉన్న అభ్యంతరాలు నిరాధారమైనవి కాకపోవచ్చు, కాని పొలం స్థాయి అంచనా అనే ఒక్క మంచి సూత్రం కూడా వాటితో పాటే పోయింది. ఆ తరవాత వచ్చిన 2023 మార్చి రాళ్ల వానకు నాటి ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది. అది ఆదుకున్న మాట వాస్తవమే గాని, ముఖ్యమంత్రి పర్యటనతో వచ్చిన సాయానికి, చట్టం ప్రకారం హక్కుగా వచ్చే సాయానికి తేడా ఉంది; తక్కువ ఊళ్లలో, తక్కువ ఎకరాల్లో పడిన రాయికి పర్యటన రాదు.

హక్కుగా మిగిలింది రాష్ట్ర విపత్తు స్పందన నిధి. వడగండ్లు, తుషారం, శీతల గాలులు ఆ నిధి వర్తించే విపత్తుల జాబితాలో ఉన్నాయి. పంట నష్టం 33 శాతం దాటితే, రెండు హెక్టార్ల పరిమితితో, 2022 నుంచి 2026 వరకు వర్తించే ప్రమాణాల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, ద్రాక్ష వంటి బహువార్షిక తోటకు 22,500 రూపాయలు ఇవ్వవచ్చు. ఎకరాకు లెక్కగడితే తోటకు వచ్చేది సుమారు 9,100 రూపాయలు. లక్షల పెట్టుబడితో నడిచే ద్రాక్ష పందిరికి అది బోర్డో మిశ్రమం, కూలి ఖర్చులకు సరిపోతే గొప్ప. ఆ కాస్తయినా పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవారి పేరునే వెళుతుంది. రియల్ ఎస్టేట్ వెంచర్ల మధ్య మిగిలిన భూముల్లో ఆకుకూరలు, టమాటా, పూలు పండించి బోయినపల్లి మార్కెట్‌కు, రైతు బజార్లకు తెచ్చేవారిలో కౌలుదారులు ఎందరో. 2011 నాటి సాగుదారుల చట్టం కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చే దారి చూపినా ఆ దారి పూడిపోయింది. భూమి యజమాని నగరంలో ఉండి, సాయం అతని ఖాతాలో పడి, రాయి దెబ్బ మాత్రం పొలంలో ఉన్నవాడు తింటున్నప్పుడు ఆ సాయాన్ని నష్టపరిహారం అనడం సబబు కాదు.

యంత్రాంగం లేదనడానికి వీల్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి, అది ఏటా జిల్లా ప్రణాళికను సమీక్షించాలి. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లిలోనే ఉంది. రాష్ట్రమంతటా 2,601 రైతు వేదికలు, అయిదు వేల ఎకరాలకు ఒకరు చొప్పున వ్యవసాయ విస్తరణాధికారులు ఉన్నారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, వ్యవసాయ వాతావరణ సలహాలు వెలువడతాయి. పిడుగుల కోసం దామిని, సాగు సలహాల కోసం మేఘదూత్ యాప్‌లు ఉన్నాయి. వీటన్నిటి మధ్య తెగిన చోటు చివరి రెండు కిలోమీటర్లు. పొలంలో ఉన్నవాడి చేతిలో ఫోన్ ఉండకపోవచ్చు, బట్టీలో ఉన్నవారికి తెలుగు చదవడం రాకపోవచ్చు, పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాక ఊరి చాటింపు వేసే మనిషి కూడా లేకుండా పోయాడు. గుడి మైకు, మసీదు మైకు, బడి గంట, వీటిలో దేన్ని ఎవరు మోగించాలో పేరుతో సహా ముందే రాసి పెట్టుకున్న ఊరిలో అరగంట వ్యవధి అరగంటగానే మిగులుతుంది. ఒడియాలో రికార్డు చేసి ఉంచిన ముప్పై సెకన్ల హెచ్చరిక ఒకటి బట్టీ మేస్త్రీల ఫోన్లలో ఉంటే అది మరో అరగంటతో సమానం.

పంచాంగానికి ముడివేసిన ప్రణాళిక ఎలా ఉండాలో ఇక ఊహించడం కష్టం కాదు. వల రాయితీల బిగింపు అక్టోబర్ కత్తిరింపుతో ముగియాలి. మైలుతుత్తం, పరదాల నిల్వ దీపావళి నాటికి మండలంలో చేరాలి. పంట నష్టం అంచనాకు కౌలుదారు పేర్లతో కూడిన సాగు జాబితా యాసంగి నాట్ల వేళకే రైతు వేదికలో అతికించి ఉండాలి. ఒడిశా రైళ్లు దిగి కుటుంబాలు బట్టీలకు చేరే నవంబర్ మొదటి వారాల్లోనే కార్మిక శాఖ, రెవెన్యూ సిబ్బంది అక్కడికి వెళ్లి రెండు విషయాలు కాగితం మీద పెట్టించాలి: ప్రతి బట్టీలో కూలీలందరూ ఒకేసారి నిలబడగల సిమెంటు గోడల, బిగించిన కప్పున్న గది ఒకటి ఉందని, వానకు కరిగిన పచ్చి ఇటుకకు కూడా అచ్చు పోసిన కూలి చెల్లిస్తామని. ఆ రెండో వాక్యం మీద యజమాని సంతకం, మేస్త్రీ సంతకం, కూలి వేలిముద్ర మూడూ పడిన నకలు ఒకటి అంతాయిపల్లి కలెక్టరేట్ దస్త్రంలో ఉండాలి, మరొకటి గుడిసెలో ఉండాలి.